ఆకు సవ్వడి కావాలి, తూటా మోత వద్దు

వేటగాడు తన చెవులను కోరే కోరిక మరెవరూ కోరరు. మంచె మీద పొంచి ఉన్నంతసేపూ ఎండుటాకు మీద జింక గిట్ట మోపిన సవ్వడి కూడా వినపడాలి. ట్రిగ్గర్ నొక్కిన క్షణాన మాత్రం ఏమీ వినపడకూడదు. బాయిలర్లు తయారుచేసే చోట పనివాడికి ఈ చిక్కు లేదు. పొద్దున లోపలికి వెళ్లేటప్పుడు చెవులు మూసుకుని, సాయంత్రం బయటికొచ్చాక తెరుచుకుంటాడు. వేటగాడికి కావలసింది చుట్టం వస్తే తెరుచుకుని, దొంగ వస్తే తనంతట తాను మూసుకునే తలుపు. అలాంటి తలుపు తయారు కావడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. ఈలోగా చాలామంది తలుపే వద్దనుకున్నారు.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో బీవర్ డ్యామ్ అని ఓ ఊరుంది. అక్కడి పెద్దవాళ్ల వినికిడి మీద ఏళ్ల తరబడి నడిచిన పరిశోధనలో వేట గురించి కూడా అడిగారు. 2000లో వెలువడిన ఫలితం చూస్తే, గడిచిన ఏడాదిలో తుపాకీ పేల్చేటప్పుడు చెవులకు ఒక్కసారి కూడా ఏమీ పెట్టుకోలేదన్న వేటగాళ్లు నూటికి 95 మంది. గురి చూసి బోర్డు మీద కాల్చేవాళ్లలో అలా చెప్పినవాళ్లు 38 మందే. రెండు జట్లవాళ్లూ ఒకే నేల మీద పుట్టినవాళ్లు, దాదాపు అవే తుపాకులు వాడేవాళ్లు. తేడా మూర్ఖత్వంలో లేదు. బోర్డుకు కాళ్లు లేవు, అది ఎటునుంచి వస్తుందో వినాల్సిన పని లేదు. జింకకు కాళ్లున్నాయి. వేటలో గడిపిన ప్రతి ఐదేళ్లకూ పైస్థాయి శబ్దాలు బాగా వినపడకుండా పోయే ముప్పు 7 శాతం చొప్పున పెరిగిందని కూడా ఆ పరిశోధనలో తేలింది.

అదే రాష్ట్రంలో నవంబరు చివర్లో తొమ్మిది రోజుల జింకల సీజన్ వస్తుంది. తాత, తండ్రి, మనవడు కలిసి అడవికి వెళ్లడం అక్కడ ఇంటింటి ఆనవాయితీ. పక్కన పెద్దవాళ్లుంటే పిల్లలు ఏ వయసులోనైనా వేటాడవచ్చని 2017లో కనీస వయసు నిబంధన కూడా ఎత్తేశారు. వేరే వేటగాడు పొరపాటున కాల్చకుండా ఒంటి మీద కొట్టొచ్చినట్టు కనపడే నారింజ లేదా గులాబీ రంగు బట్టలుండాలని చట్టం చెబుతుంది. పిల్లవాడి చెవి సంగతి మాత్రం తండ్రికే వదిలేసింది.

ఇంతకీ ఆ మోత ఎంత? ఉడుతల మీద వాడే చిన్న .22 రైఫిల్ పేలితే కాల్చేవాడి చెవి దగ్గర సుమారు 140 డెసిబెల్స్. జింకల వేటకు వాడే .308, .30-06 రైఫిళ్లకు 160 నుంచి 170 దాకా. చూడ్డానికి ఇరవై ముప్పై అంకెల తేడాయే. కానీ డెసిబెల్ లెక్క వేరు. ప్రతి 20 డెసిబెల్స్‌కూ గాలి ఒత్తిడి పది రెట్లవుతుంది. 140కీ 160కీ మధ్య ఉన్నది పది రెట్లు. క్షణికంగా చెవి తట్టుకోగల గరిష్ఠ మోతను ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు 140గా, పిల్లలకు 120గా పెట్టింది. అంటే అందరూ బొమ్మ తుపాకీలా చూసే .22 కూడా పిల్లవాడి హద్దును దాటేస్తుంది.

మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట సరదా దాదాపు ముగిసిపోయింది. ఎన్‌సీసీలో .22 పట్టినవాళ్లకు తప్ప రైఫిల్ మోత దగ్గరగా విన్న అనుభవం మనలో చాలామందికి ఉండదు. అయినా పోల్చుకోవడానికి ఓ కొలత ఉంది. టపాకాయ పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో మోత 145 డెసిబెల్స్ గరిష్ఠాన్ని దాటకూడదని మన నిబంధన. దీపావళి రాత్రి బాంబు వత్తి అంటించి మనం పరిగెత్తేది అందుకే. వేటగాడు పరిగెత్తడు. చెంపను తుపాకీ మడమకు ఆనించి మరీ పేలుస్తాడు.

మోత నుంచి చెవి తనను తాను కాపాడుకునే ఏర్పాటు పుట్టుకతోనే ఉంది. పెద్ద శబ్దం రాగానే మధ్య చెవిలోని చిన్న కండరాలు బిగుసుకుని లోపలికి వెళ్లే ఊపును తగ్గిస్తాయి. అవి బిగియడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. రైఫిల్ మోత కొద్ది మిల్లీసెకన్లలో వచ్చి పోతుంది. ఉరుములనూ అరుపులనూ తట్టుకున్న చెవికి తుపాకి మందు కొత్త. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగంలో సుమారు 16 వేల రోమకణాలుంటాయి. మనిషిలో అవి చస్తే మళ్లీ మొలవవు. ముందు పోయేవి 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య శబ్దాలను పట్టుకునేవి. అందుకే వేటగాడికి చెవుడు వస్తున్నట్టు మొదట ఎవరికీ తెలియదు. మాట వినపడుతూనే ఉంటుంది, అందులో స, ష, త లాంటి అక్షరాలు రాలిపోతుంటాయి. ఇంట్లోవాళ్లు గొణుగుతున్నారని విసుక్కుంటాడు. కుడి భుజానికి ఆనించి కాల్చేవాడికి ఎడమ చెవి ముందు పోతుంది. కుడి చెవికి తల, భుజం కాస్త అడ్డు నిలుస్తాయి. ఎడమ చెవి గొట్టం మూతి వైపు తిరిగి ఉంటుంది.

తుపాకికీ చెవుడుకూ సంబంధముందని తెలియక కాదు. 1782లో కరీబియన్ సముద్రంలో ఫ్రెంచి నౌకాదళాన్ని ఓడించిన బ్రిటిష్ అడ్మిరల్ రాడ్నీ, తన ఓడ ఫార్మిడబుల్ నుంచి 80 సార్లు ఫిరంగుల వరస పేల్చాక 14 రోజులు దాదాపు ఏమీ వినలేకపోయాడు. 1886లో గ్లాస్గోలో థామస్ బార్ అనే చెవి వైద్యుడు బాయిలర్ కార్మికుల వినికిడిని పరీక్షించి, ఆ చెవుడు పని నుంచే వస్తోందని లెక్కతో సహా చూపించాడు. తెలియడం ఒకటి, ఏదైనా చేయడం ఒకటి. చాలాకాలం జనం చేసిందల్లా చెవుల్లో దూది కుక్కుకోవడం. పేల్చేసిన తూటా తొడుగులనే చెవుల్లో దూర్చుకున్న షూటర్లూ ఉన్నారు. రైఫిల్ మోతకు దూది పోగులు లెక్కలేదు. ఇత్తడి తొడుగు దూదికన్నా మేలే కావచ్చు, ఎవరికి సరిపోతుందో ఎవరికి సరిపోదో మాత్రం దేవుడికే ఎరుక.

అసలు మోత పుట్టే చోటే దాన్ని అణచవచ్చు కదా అని ఆలోచించినవాడు హైరమ్ పెర్సీ మాగ్జిమ్. ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుంటుంది. మాగ్జిమ్ మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ స్టీవెన్స్ మాగ్జిమ్‌కు కొడుకు. తండ్రి 1881లో అమెరికాలో భార్యాపిల్లలను వదిలి యూరప్ వెళ్లిపోయాడు. అప్పటికి పెర్సీకి దాదాపు పన్నెండేళ్లు. తండ్రి లండన్‌లో స్థిరపడి 1884లో ఆ తుపాకీని తయారుచేశాడు, రాజులకు చూపించాడు, సర్ బిరుదు పొందాడు. ఏళ్ల తరబడి తన తుపాకుల పక్కనే నిలబడినందుకు చెవుడు తెచ్చుకున్నాడు. ఛాతీ జబ్బు బాధిస్తే తనకోసం ఆవిరి పీల్చే గొట్టం కూడా కనిపెట్టుకున్న మనిషి. చెవుల దాకా ఆయన ఆలోచన వెళ్లినట్టు లేదు.

కొడుకు అమెరికాలోనే ఉండి ఎంఐటీలో చదివి, కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో తొలినాటి మోటారు బళ్ల మీద పనిచేశాడు. తొట్టి నీళ్లు కిందికి పోయేటప్పుడు సుడి తిరిగి నెమ్మదిగా జారడం చూసి సైలెన్సర్ ఊహ వచ్చిందని చెబుతారు. తుపాకి గొట్టం నుంచి తూటా వెనకాలే దూసుకొచ్చే వేడి వాయువును ఒక్కసారిగా బయటికి వదలకుండా, చిన్న చిన్న అరల్లో సుడి తిప్పి, వేగం తగ్గించి వదిలితే మోత తగ్గాలి. తూటా మాత్రం మధ్యలోని రంధ్రం గుండా తిన్నగా పోతుంది. 1909 మార్చిలో పేటెంట్ వచ్చింది. చెవిటి తండ్రి కోసం కొడుకు సైలెన్సర్ కనిపెట్టాడని చెప్పుకుంటే కథ అందంగా ఉంటుంది. పెర్సీ మాత్రం అలా చెప్పుకోలేదు. ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టకుండా గురి అభ్యాసం చేసుకోవాలనే తన సొంత సరదా నుంచి అది పుట్టిందని చెప్పాడు. నాకు ఆ మాటే నిజమనిపిస్తుంది. వదిలేసి వెళ్లిన తండ్రి మీద 1936లో పెర్సీ రాసిన పుస్తకం సరదాగానే సాగుతుంది, పగా ఉండదు, మొక్కూ ఉండదు.

సైలెన్సర్ అనే పేరు సినిమాలకు బాగా పనికొచ్చింది గాని అది తుపాకిని నిశ్శబ్దం చేయదు. ఇప్పటి మంచి సైలెన్సర్ కూడా 20 నుంచి 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది, అంతే. పైగా శబ్ద వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. దాన్ని మించి పోయే తూటా దారంతా కొరడా దెబ్బలాంటి చప్పుడు చేస్తూ పోతుంది, దాన్ని గొట్టం చివర బిగించిన ఏ డబ్బా ఆపలేదు. అయినా 165ని 140కి దింపితే ఒత్తిడి పదిహేను రెట్లకు పైగా తగ్గినట్టు. పెర్సీ వాటిని టపాలో కూడా అమ్మాడు. 1934లో అమెరికా ప్రభుత్వం మెషిన్ గన్లతో పాటు సైలెన్సర్లనూ ఒకే చట్టంలో చేర్చి, కొన్నప్పుడల్లా 200 డాలర్ల పన్ను వేసింది. ఆనాడు ఆ డబ్బుతో సైలెన్సర్లే చాలా కొనవచ్చు. దాంతో అమెరికా వేటగాడి చేతిలోంచి ఆ పనిముట్టు దాదాపు మాయమైంది. నార్వే, ఫిన్లాండ్‌లలో అలా జరగలేదు. అక్కడ రైఫిల్‌కు సైలెన్సర్ బిగించి అడవికి వెళ్లడం మామూలు సంగతి.

రెండో దారి చెవి దగ్గర అడ్డుకోవడం. 1907లో బెర్లిన్‌లో మాక్స్ నెగ్వెర్ అనే మందుల వ్యాపారి మైనాన్నీ దూదినీ కలిపి ఉండలు చేసి, ఆ తర్వాత ఓరోపాక్స్ పేరుతో అమ్మకానికి పెట్టాడు. గ్రీకు పురాణంలో ఒడిస్సియస్ తన నావికులు మోహినుల పాట వినకుండా వాళ్ల చెవుల్లో మైనం పెట్టిన కథ ఆయనకు స్ఫూర్తి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుల చేతికవి అందాయి. రచయిత కాఫ్కా కూడా పక్కింటి రొద భరించలేక అవే తెప్పించుకున్నాడు. మైనానికి ఉన్న గుణమే దాని దోషం. మోహిని పాటతో పాటు కెప్టెన్ కేకనూ ఆపేస్తుంది.

ఆ దోషాన్ని పట్టుకున్నవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్నల్ఫ్ మాలక్. ఆ యుద్ధంలోనే వాడకంలోకి వచ్చిన మాలక్-ఆర్మ్‌స్ట్రాంగ్ చెవి బిళ్లలో సన్నని గొట్టం, దాని మధ్యలో పలుచని పొర, ఆ పొరకు అటూ ఇటూ జాలీలు ఉండేవి. మామూలు మాటకు పొర కొద్దిగా కదిలి శబ్దాన్ని లోపలికి పంపుతుంది. ఫిరంగి పేలితే పొర ఎక్కువగా కదలబోయి జాలీకి తగిలి ఆగిపోతుంది. వేటగాడు అడిగిన తలుపు సరిగ్గా ఇదే. ఆలోచన గొప్పది, చేతిపని ఇంకా చాల్లేదు. యుద్ధం అయ్యాక జనం దాన్ని మరిచిపోయారు.

రెండో ప్రపంచ యుద్ధంలో హార్వర్డ్‌లో ఎస్. ఎస్. స్టీవెన్స్ నడిపిన ప్రయోగశాలలో శబ్దాన్నీ చెవినీ కలిపి చదివారు. ఆ రోజుల్లోనే వీ-51ఆర్ అనే మెత్తని ఇయర్‌ప్లగ్ అమెరికా సైన్యంలోకి వచ్చింది. దాంతో ఓ సంగతి బయటపడింది. మనుషుల చెవి రంధ్రాలు వేలిముద్రల్లా ఎవరివి వారివే. ఒకే సైజు చేస్తే సగంమందికి వదులు, మిగతావాళ్లకు నొప్పి. సైజులు కట్టి కొలిచి ఇవ్వాల్సి వచ్చింది. కొలవకుండా ఇస్తే సైనికుడు జేబులో వేసుకునేవాడు.

ఆ తిప్పలు తీర్చింది అనుకోని చోటు. 1967లో మసాచుసెట్స్‌లోని నేషనల్ రిసెర్చ్ కార్పొరేషన్‌లో రాస్ గార్డ్నర్ అనే రసాయన శాస్త్రవేత్త, అతని బృందం అతుకుల మధ్య సందులు మూసే పదార్థం కోసం వెతుకుతున్నారు. తయారైన నురుగు పదార్థం ఓ వింత చేసింది. నలిపితే నలిగి, వెంటనే పొంగకుండా తీరిగ్గా మళ్లీ పాత రూపానికి వచ్చింది. స్ప్రింగ్‌కు అది లోపం. చెవికి వరం. వేళ్ల మధ్య సన్నగా చుట్టి చెవిలో పెడితే, అది నెమ్మదిగా ఉబ్బి ఎవరి రంధ్రం ఆకారాన్ని వాళ్లకు పట్టుకుంటుంది. 1972లో బజారుకొచ్చింది, 1974లో పేటెంట్. ఇప్పుడు మందుల దుకాణంలో దొరికే ఆ పసుపు నురుగు బిళ్ల అదే. సరిగ్గా పెడితే 30 డెసిబెల్స్ దాకా ఆపుతుంది. ఆ సరిగ్గా పెట్టడంలోనే ఉంది చిన్న మెలిక. చుట్టకుండా సగం దూర్చి వదిలేస్తే అందులో సగం కూడా రాదు. రెండో చేత్తో తల వెనకనుంచి చెవిని పైకి, వెనక్కి లాగి పెట్టుకోవాలి. పిల్లల చెవి రంధ్రం ఇరుకు కాబట్టి పెద్దవాళ్లే పెట్టాలి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి కూడా.

జెట్ విమానాలు వచ్చాక 1950లలో చెవిని మొత్తంగా కప్పే మఫ్‌లు వచ్చాయి. మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌లోని డేవిడ్ క్లార్క్ కంపెనీ లాంటివి విమానాల పక్కన పనిచేసేవాళ్ల కోసం చేశాయి. పిల్లలకు ఇవే తేలిక. పెట్టుకోవడానికి నేర్పు అక్కర్లేదు, పెట్టుకున్నాడో లేదో దూరం నుంచే తండ్రికి కనపడుతుంది. కానీ రైఫిల్‌కీ మఫ్‌కీ పడదు. చెంప ఆనించగానే మడమ తగిలి మఫ్ డిప్ప అంచు పైకి లేస్తుంది. ఆ సందు చాలు మోతకు.

వేటగాడి అసలు కోరిక తీరింది ట్రాన్సిస్టర్లు చవకయ్యాక. ఎలక్ట్రానిక్ మఫ్ బయట మైకు, లోపల చిన్న స్పీకరు ఉంటాయి. ఆకు సవ్వడిని పెంచి మరీ వినిపిస్తుంది. శబ్దం 82, 85 డెసిబెల్స్ దాటగానే స్పీకరు నోరు మూస్తుంది. తుపాకి పేలగానే మఫ్ మూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. మూసుకోవడమేమీ లేదు, డిప్ప ఎప్పుడూ మూసే ఉంది. మంచి శబ్దాన్ని దొడ్డిదారిన తెచ్చే పని సర్క్యూట్‌ది, అది ఆగిపోతుంది అంతే. అందుకే బ్యాటరీ అయిపోయినా రక్షణ పోదు. లోటు ఒకటుంది. శబ్దం ఎటునుంచి వచ్చిందో చెప్పడానికి మనకు బయటి చెవి ముడతలు సాయపడతాయి. డిప్ప వాటిని కప్పేస్తుంది. రెండు వైపులా వేర్వేరు మైకులు పెట్టినా ఆ దిక్కు పూర్తిగా తిరిగి రాదు.

మాలక్ ఊహ మళ్లీ ప్రాణం పోసుకుంది ఫ్రాన్స్ సరిహద్దు పట్టణం సేంట్ లూయిలో, ఫ్రెంచి, జర్మన్ ప్రభుత్వాలు కలిసి నడిపే రక్షణ పరిశోధన సంస్థలో. ఈసారి పొర లేదు, బ్యాటరీ లేదు. ప్లగ్ లోపల సూదిమొనంత రంధ్రం. మెల్లని శబ్దానికి గాలి అందులోంచి సాఫీగా పారుతుంది. పేలుడు ఒత్తిడికి గాలి అక్కడ సుడులు తిరిగి తనకు తానే అడ్డు పడుతుంది. మోత ఎంత పెరిగితే తలుపు అంత బిగుస్తుంది. ఈ పద్ధతితో చేసిన ఓ ప్లగ్ అమెరికా సైన్యంలోకి వెళ్లింది. అది చెవిలో సరిగ్గా కూర్చోక వదులవుతోందని మాజీ సైనికులు లక్షల సంఖ్యలో దావాలు వేశారు. తప్పు ఒప్పుకోకుండానే దాని తయారీదారు 3ఎం కంపెనీ 2023లో సుమారు 600 కోట్ల డాలర్ల పరిష్కారానికి దిగింది. ఆ వివాదం ప్రధానంగా రంధ్రం వెనక ఉన్న భౌతికశాస్త్రం గురించి కాదు. గొడవ ఎక్కువగా ప్లగ్ పొడవు గురించి, అది చెవిలో నిలవడం గురించి.

ఇన్ని పనిముట్లు వచ్చినా పిల్లల దగ్గరికి వచ్చేసరికి పెద్దల ప్రేమే ఓ చిక్కు తెచ్చిపెట్టింది. పిల్లవాడు మోయగలగాలని తేలికైన, పొట్టి గొట్టం రైఫిల్ కొంటారు. గొట్టం పొట్టిదైతే మోత పుట్టే చోటు చెవికి దగ్గరవుతుంది. తేలిక రైఫిల్ భుజాన్ని గట్టిగా తంతుంది. ఆ తాపు తగ్గాలని గొట్టం చివర మజిల్ బ్రేక్ బిగిస్తారు. వాయువును పక్కలకూ వెనక్కీ మళ్లించి తాపు తగ్గించే ఆ ముక్క, మోతను కూడా వెనక్కే తెస్తుంది. భుజం తప్పించుకున్న దెబ్బ చెవికి తగులుతుంది. పక్కన కూర్చున్న తండ్రి చెవికైతే ఇంకా ఎక్కువ. నన్నడిగితే పిల్లల రైఫిల్ కొనేటప్పుడు మొదట తీసి పక్కన పెట్టాల్సింది ఆ బ్రేకే. దాని చోట సైలెన్సర్ బిగిస్తే తాపూ తగ్గుతుంది, మోతా తగ్గుతుంది. అమెరికాలో ఆ పాత 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. దరఖాస్తు, అనుమతి మాత్రం అలాగే ఉన్నాయి.

ఇక లెక్క వేసుకోవచ్చు. ఉజ్జాయింపు లెక్కే, ఎందుకంటే డబ్బా మీద అచ్చేసిన అంకె ప్రయోగశాలది, అడవిలో అంత రాదు. .308 మోత 165 అనుకుందాం. మంచి మఫ్ 25 ఆపితే మిగిలేది 140, పిల్లవాడి హద్దు 120. నురుగు ప్లగ్ పెట్టి దాని మీద మఫ్ కూడా పెడితే రెండూ కూడవు, మంచి దాని మీద ఇంకో ఐదో ఆరో కలుస్తాయి. కొంత మోత పుర్రె ఎముక గుండానే లోపలికి పోతుంది కదా. అలా చూసినా 130 దగ్గరే ఆగుతాం. సైలెన్సర్ ఒక్కటే పెట్టినా 140. సైలెన్సర్ రైఫిల్‌కీ, మఫ్ చెవికీ పెడితే 115. అదే అంకె .22 రైఫిల్‌కు ఒక్క మఫ్‌తోనే వచ్చేస్తుంది. వేట నేర్పేవాళ్లు పిల్లలను మొదట ఉడుతలూ కుందేళ్ల మీదికి, .22తో పంపుతారు. తాపు తక్కువని, తూటా చవకని వాళ్లు చెప్పే కారణాలు. పై లెక్క చూస్తే జింకల సీజన్ వచ్చేదాకా ఆగడానికి మూడో కారణమూ ఉంది.